నర్సరీ సైటు డైరీ: యూఆర్ఎల్‌లోంచి పేజీ టైటిల్ తీసే పని

శనివారం రాత్రి

బావగారి నర్సరీ కడియపులంక దగ్గర. సైటు ఎప్పుడో ఎవరో చేసిచ్చారు, ఉత్త పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీలు తయారుచేసే భాష), ఫ్రేమ్‌వర్క్ లేదు డేటాబేస్ లేదు, హెడర్ ఫైలు ఒకటి, ఫుటర్ ఫైలు ఒకటి, మధ్యలో మొక్క వివరాలున్న ఫైలు. అన్ని పేజీలూ ఆ ఒక్క హెడర్‌నే ఇంక్లూడ్ చేసుకుంటాయి, ఆ హెడర్‌లో టైటిల్ ట్యాగ్‌లో "హోమ్ – నర్సరీ, కడియం" అని చేత్తో రాసేసి ఉంది. దాంతో మామిడి తెరిచినా హోమే, మల్లె తెరిచినా హోమే. ఫోన్‌లో ఏడెనిమిది ట్యాబులు తెరిస్తే ఏది ఏదో తెలీదు, వాట్సాప్‌లో లింకు పంపితే ప్రతీదానికీ అదే పేరు పడుతుంది, గూగుల్‌కైతే టైటిల్ చూసి ఏ పేజీ దేనిదో చెప్పడం కష్టం. బావగారు ఫోన్ చేసి "బామ్మర్దీ, బెంగళూరు పార్టీకి సువర్ణరేఖ లింకు పంపితే హోమ్ అని వస్తోంది, ఆయన ఏదో లోన్ కంపెనీ అనుకున్నాట్ట" అన్నారు. అలా మొదలైంది ఇది.

ఒక్కటి మాత్రం బావుంది, అడ్రసులు శుభ్రంగా ఉన్నాయి. సర్వర్ సెట్టింగులుండే హెచ్‌టీ యాక్సెస్ ఫైలులో రీరైట్ రూల్ (అడిగిన అడ్రసుని వేరే ఫైలుకి మళ్ళించేది) పెట్టి, నిజంగా లేని ఫైలు ఏదడిగినా ఇండెక్స్‌కే పంపేస్తున్నారు, ఇండెక్స్ ఆ అడ్రసు చూసి కంటెంట్ ఫోల్డర్‌లోంచి ఫైలు తెస్తుంది. సో అడ్రసులన్నీ /మామిడి/బంగినపల్లి, /జామ/ఎల్-49, /కొబ్బరి/గంగ-బొండం ఇలా ఉంటాయి. (అసలు అడ్రసుల్లో ఇవన్నీ ఇంగ్లీష్ అక్షరాలే, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాసుకుంటున్నా.) మొక్క పేరు అడ్రసులోనే ఉంది కదా, దాన్నే టైటిల్‌గా తీసేస్తే ప్రతి ఫైలూ ముట్టుకోవక్కర్లేదు, హెడర్ ఒక్కటి మారిస్తే చాలు. ఇదీ ప్లాను.

మొదటి వెర్షన్ ఐదు లైన్లు. సర్వర్ అర్రేలో రిక్వెస్ట్ యూఆర్ఐ (బ్రౌజర్ అడిగిన అడ్రసు) తీసుకో, పార్స్ యూఆర్ఎల్‌తో పాత్ మాత్రం వేరుచెయ్యి, ముందూ వెనకా స్లాష్‌లు ట్రిమ్ చెయ్యి, స్లాష్ దగ్గర ఎక్స్‌ప్లోడ్ చేసి (ముక్కలు కొట్టి) చివరి ముక్క పట్టుకో, హైఫన్లు తీసి స్పేసులు పెట్టి ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది చేసే యూసీ వర్డ్స్ కొట్టు. అయిపోయింది. బంగినపల్లి పేజీలో బంగినపల్లి అని వచ్చింది, ఇంగ్లీషులోనే అనుకో, పర్లేదు. పార్స్ యూఆర్ఎల్ వాడినందుకు అడ్రసు చివర తగిలే ట్రాకింగ్ తోకలు, ఫేస్‌బుక్ తగిలించే ఐడీ లాంటివి, టైటిల్‌లోకి రాలేదు.

రిక్వెస్ట్ యూఆర్ఐ ఎందుకు, నడుస్తున్న ఫైలు పేరు చెప్పే పీహెచ్‌పీ సెల్ఫ్ ఉంది కదా అంటారేమో. ఇలా రీరైట్ ఉన్న సైట్లో పీహెచ్‌పీ సెల్ఫ్ మామూలుగా ఇండెక్స్ ఫైలు పేరే ఇస్తుంది, అంటే అన్ని పేజీలకీ మళ్ళీ ఒకే టైటిల్. పైగా అది డీకోడ్ అయిపోయిన రూపంలో (పర్సెంట్ గుర్తులతో రాసినవి మామూలు అక్షరాలుగా మారిపోయి) వస్తుంది, దాని గొడవ తర్వాత చెప్తా.

ఆదివారం

పొద్దున్న కూర్చుని పేజీలన్నీ ఒక్కొక్కటీ తెరిచి టైటిల్ చూశా. అక్కడ మొదలైంది అసలు వినోదం.

/బొప్పాయి/రెడ్-లేడీ పేజీ టైటిల్: రెడ్ లేడీ. అది తైవాన్ బొప్పాయి రకం అని మా ఊళ్ళో రైతులందరికీ తెలుసు, కానీ వాట్సాప్‌లో "రెడ్ లేడీ – నర్సరీ, కడియం" అని వస్తే ఎవడైనా ఏమనుకుంటాడు.

/సీతాఫలం/బాలానగర్ టైటిల్: బాలానగర్. హైదరాబాద్ వాళ్ళెవరైనా చూస్తే ప్లాట్లు అమ్ముతున్నారనుకుంటారు.

/మామిడి/కొత్తపల్లి-కొబ్బరి టైటిల్: కొత్తపల్లి కొబ్బరి. ఇదింకా ఘోరం. తెలియనివాడికి అది ఖచ్చితంగా కొబ్బరి మొక్కే, మామిడి అని కల్లో కూడా అనుకోడు. పచ్చళ్ళు పెట్టేవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయట రాష్ట్రం వాడికి ఎలా తెలుస్తుంది.

/జామ/ఎల్-49 టైటిల్: ఎల్ 49. హైఫన్ కనబడితే స్పేస్ చెయ్యమన్నాం, చేసింది. కానీ ఎల్-49 అంటే లక్నో-49, ఆ హైఫన్ పేరులో భాగం. స్లగ్‌లో (అడ్రసులో పేజీ పేరు ఉండే ముక్కని అలా అంటారు) ఉన్న హైఫన్ పదాల మధ్య పెట్టినదా, పేరులో ముందునుంచీ ఉన్నదా అన్నది అడ్రసు చూసి చెప్పలేం, ఆ సమాచారం స్లగ్ తయారుచేసినప్పుడే పోయింది, ఎంత కోడ్ రాసినా తిరిగిరాదు.

ముందు సులువైనది చేశా. చివరి ముక్క ఒక్కటే కాకుండా దాని ముందున్న కేటగిరీ కూడా తీసుకుని, రకం పేరు ముందు, పంట పేరు వెనక పెట్టా. అడ్రసులో పెద్దది ముందు చిన్నది తర్వాత ఉంటుంది, మనం మాట్లాడేటప్పుడు తిరగేసి "బంగినపల్లి మామిడి" అంటాం, సో అర్రే రివర్స్ చేసి స్పేస్‌తో ఇంప్లోడ్ చేస్తే (అతికిస్తే) సరిపోయింది. రెడ్ లేడీ బొప్పాయి, బాలానగర్ సీతాఫలం, కొత్తపల్లి కొబ్బరి మామిడి. ఎల్ 49 మాత్రం అలాగే ఉంది.

సోమవారం, ఆఫీసు అయ్యాక

టైటిల్ తెలుగులో రావాలి. బావగారి కస్టమర్లలో సగం మంది తెలుగులోనే వెతుకుతారు, పేజీ లోపల మ్యాటర్ అంతా తెలుగే, పైన టైటిల్ ఒక్కటి ఇంగ్లీషులో ఉంటే చూడ్డానికే బాలేదు. ఇంగ్లీష్ అక్షరాల స్లగ్‌ని కోడ్ తోనే తెలుగు చేద్దామని పీహెచ్‌పీలో భాషల పనులకి ఉన్న ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని ట్రాన్స్‌లిటరేటర్ (ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చేది) తీసి లాటిన్ నుంచి తెలుగుకి పెట్టి మామిడి ఇచ్చా. "మమిది" అని వచ్చింది. దాని తప్పు కాదు, దానికి దీర్ఘాల మీద గీతలు, డ కింద చుక్క ఉన్న పద్ధతిలో ఇస్తే కరెక్టుగానే చేస్తుంది. మనం ఫోన్‌లో కొట్టే ఇంగ్లీషులో దీర్ఘం లేదు, డ కీ ద కీ తేడా లేదు, ట కీ త కీ లేదు, ణ కీ న కీ లేదు. దానిమ్మ రాసినా డానిమ్మ రాసినా ఒకటే స్పెల్లింగ్. మనిషైతే మొక్కల సంగతి తెలుసు కాబట్టి చదివేస్తాడు, కోడ్‌కి అది లేదు.

ఇక్కడ నాకు పని మొత్తం తిరగబడింది. అడ్రసులోంచి పేరు తియ్యడం కాదు చెయ్యాల్సింది, అడ్రసులోంచి తాళంచెవి మాత్రం తియ్యాలి, పేరు వేరే చోట ఉండాలి. అంటే /జామ/ఎల్-49 అన్నది కీ, దాని ఎదురుగా "ఎల్-49 జామ" అని ఎవరో మనిషి రాసిన పేరు. ఎవరా మనిషి అంటే మా అక్క. నర్సరీ స్టాకు మొత్తం ఎక్సెల్‌లో తనే రాస్తుంది, రకం, పంట, ఎత్తు, కవర్ సైజు, రేటు అన్నీ. ఆ షీటులో స్లగ్ అని ఒక కాలమ్ కలిపి పంపించమన్నా. "ఇంకో కాలమా" అని ఒకసారి నిట్టూర్చి పంపింది.

దాన్ని సీఎస్‌వీగా సేవ్ చేసి, ఒక చిన్న స్క్రిప్టుతో పీహెచ్‌పీ అర్రే ఫైలుగా మార్చా, కీ ఏమో "పంట/రకం" రెండూ కలిపి, వేల్యూ ఏమో తెలుగు పేరు. కలిపే పెట్టాలి, రకం ఒక్కటే కీ అయితే రేపు రెండు పంటల్లో ఒకే రకం పేరు వస్తే కొట్టుకుంటాయి. హెడర్ ఈ ఫైలుని రిక్వైర్ చేసుకుంటుంది. డేటాబేస్ ఎందుకు పెట్టలేదంటే కొన్ని వందల వరుసలకి అక్కర్లేదు, పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో దాచే ఆప్‌క్యాష్ ఆన్ ఉంటే ఆ అర్రే మెమరీలోనే కూర్చుంటుంది.

ఆర్డర్ ఇలా పెట్టా: పేజీ ఫైలు తనంతట తాను టైటిల్ వేరియబుల్ సెట్ చేసుంటే అదే ఫైనల్. లేకపోతే షీటులోంచి వచ్చిన పేరు, దాని వెనక "మొక్కలు" అన్న మాట. అదీ లేకపోతే 404, అంటే పేజీ లేదు అన్న జవాబు. మొన్నటి ఐదు లైన్ల కోడ్, అదే స్లగ్‌ని స్పేసులు చేసేది, దాన్ని తీసేశా. ఎందుకు తీసేశానో కింద రాస్తా, దాన్ని "ఏదీ లేకపోతే అదే" అని ఉంచుకోవచ్చు కదా అని నాకూ అనిపించింది ముందు.

ఇంకో చిక్కు, కంటెంట్ ఫైలు తన టైటిల్ తాను సెట్ చెయ్యాలంటే హెడర్ కన్నా ముందు నడవాలి. పాత ఇండెక్స్‌లో హెడర్ ముందు ఇంక్లూడ్ అవుతోంది, తర్వాత కంటెంట్. అప్పటికే టైటిల్ బ్రౌజర్‌కి వెళ్ళిపోయింది. అవుట్‌పుట్ బఫర్ స్టార్ట్ చేసి కంటెంట్‌ని ముందు నడిపి, వచ్చిందంతా ఒక వేరియబుల్‌లో దాచి, తర్వాత హెడర్, ఆ తర్వాత దాచినది ప్రింట్ చేశా.

బుధవారం

ఎందుకు తీసేశానంటే ఇదీ. బ్రౌజర్‌లో అడ్రసు బార్‌లో సరదాకి /మామిడి/బావగారు-బాకీ-తీర్చలేదు అని కొట్టా. ఇండెక్స్‌కి ఆ ఫైలు దొరక్కపోతే మామూలు లిస్టు పేజీ చూపించేలా పాతవాళ్ళు రాశారు, అదీ 200 స్టేటస్‌తో, అంటే పేజీ ఉంది అని చెప్తూ. ఐదు లైన్ల కోడ్ ఏం చేసింది, పైన చక్కగా "బావగారు బాకీ తీర్చలేదు మామిడి" అని టైటిల్ పెట్టింది. ఆ లింకు నాకు నేనే వాట్సాప్ చేసుకుంటే ప్రివ్యూలో అదే పేరు, కింద నర్సరీ డొమైన్. స్క్రీన్‌షాట్ తీసి బావగారికి పంపా. రిప్లై వెంటనే వచ్చింది: "ఎవడా రాసింది? నువ్వేనా? తీసెయ్ ముందు."

నవ్వుకున్నాం గానీ విషయం సీరియస్సే. అడ్రసు అనేది మనం రాసినది కాదు, అవతలివాడు కొట్టినది. అది ఫారంలో నింపిన మాట లాంటిదే, అంతే అనుమానంగా చూడాలి. అడ్రసులో ఏమొస్తే అది మన సైటు టైటిల్‌లో మన పేరు పక్కన అచ్చేస్తే, మన సైటు చేత ఎవడైనా ఏదైనా అనిపించొచ్చు, దానికి హ్యాకింగ్ కూడా అక్కర్లేదు. పైగా లేని పేజీకి 200 ఇస్తే దాన్ని గూగుల్ వాళ్ళు సాఫ్ట్ 404 అంటారు, పనికిరాని అడ్రసులన్నీ వచ్చి చదువుతూ కూర్చుంటుంది గూగుల్.

స్క్రిప్టు ఇంజెక్షన్ (బయటివాడు మన పేజీలోకి తన కోడ్ దూర్చడం) సంగతి కూడా చూశా. టైటిల్ ట్యాగ్ లోపల మామూలు ట్యాగులు పనిచెయ్యవు, బ్రౌజర్ వాటిని ఉత్త టెక్స్ట్‌గానే తీసుకుంటుంది, అందుకని టైటిల్‌లో ఏం పెట్టినా ప్రమాదం లేదని కొందరు ధైర్యంగా ఉంటారు. కానీ మధ్యలో టైటిల్ ముగింపు ట్యాగ్ వస్తే అక్కడితో టైటిల్ అయిపోతుంది, తర్వాత వచ్చే స్క్రిప్ట్ ట్యాగ్ నిజంగానే నడుస్తుంది. రిక్వెస్ట్ యూఆర్ఐ ఎన్‌కోడ్ అయ్యే వస్తుంది కాబట్టి నేరుగా ప్రింట్ చేస్తే మామూలుగా పర్సెంట్ గుర్తులే కనబడతాయి, కానీ తెలుగు అడ్రసుల కోసం మనం రా యూఆర్ఎల్ డీకోడ్ కొట్టిన క్షణం యాంగిల్ బ్రాకెట్లు నిజమైనవి అయిపోతాయి. పీహెచ్‌పీ సెల్ఫ్ అయితే డీకోడ్ అయ్యే వస్తుందన్నా కదా, రీరైట్ లేని సైట్లలో ఫైలు పేరు తర్వాత స్లాష్ పెట్టి ఏం తగిలించినా అందులోకి వచ్చేస్తుంది, దాన్ని ఎస్కేప్ చెయ్యకుండా (ట్యాగ్ గుర్తుల్ని ఉత్త అక్షరాలుగా మార్చకుండా) ప్రింట్ చేసే ట్యుటోరియల్స్ ఇప్పటికీ తిరుగుతున్నాయి. కాబట్టి రెండూ: షీటులో కీ ఉంటేనే టైటిల్, ఉన్నా సరే ప్రింట్ చేసే చోట హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యారెక్టర్స్ అనే ఎస్కేప్ ఫంక్షన్. రెండోది ఎందుకంటే అక్క ఎప్పుడైనా పేరులో యాంపర్‌సాండ్ (&) రాసిందనుకో, దానికి.

గురువారం, చాలా లేటుగా

సర్వర్‌కి ఎక్కించా. నా ల్యాప్‌టాప్‌లో అన్నీ బానే ఉన్నాయి. సర్వర్‌లో బంగినపల్లి పేజీకి టైటిలే లేదు. ట్యాబులో ఉత్త అడ్రసు కనబడుతోంది, సోర్స్ చూస్తే టైటిల్ ట్యాగ్ ఖాళీ. కొత్తపల్లి కొబ్బరి ఖాళీ. గంగ బొండం పేజీకి మాత్రం వచ్చింది, కానీ "గంగ బొండం కొబ్బరి మొక్" అని తోక తెగి వచ్చింది. మామిడి లిస్టు పేజీకి "మామిడి మొక్కలు" అని పూర్తిగా వచ్చింది. నాలుగు పేజీలు, మూడు రకాలు.

దీని మీద కూర్చున్నా. హెడర్‌లో పాతవాళ్ళు రాసిన షార్ట్ అనే ఫంక్షన్ ఉంది, డిస్క్రిప్షన్ కోసం, అది సబ్‌స్ట్రింగ్‌తో 60 దగ్గర కోసి తర్వాత ఎస్కేప్ చేస్తుంది, టైటిల్ కూడా అందులోంచే వెళ్తోంది. పీహెచ్‌పీలో సబ్‌స్ట్రింగ్ లెక్కపెట్టేది అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8లో మన తెలుగు కోడ్ పాయింట్ (యూనికోడ్ విడిగా లెక్కపెట్టే ఒక్కో గుర్తు) ప్రతీదీ మూడు బైట్లు, స్పేస్ ఒక బైటు. ఇప్పుడు లెక్క చూడు. "కొత్తపల్లి" అంటే గుణింతాలూ వత్తులూ విడివిడిగా లెక్కేస్తే 10 కోడ్ పాయింట్లు, 30 బైట్లు. స్పేస్ 31. "కొబ్బరి" 7, అంటే 21 బైట్లు, 52. ఇంకో స్పేస్, 53. ఇంక మిగిలింది 7 బైట్లు. "మామిడి"లో మా కి 6 బైట్లు పోతాయి, మిగిలిన ఒక్క బైటు తర్వాతి మ లో మూడో వంతు. అక్కడ కోసింది. బంగినపల్లి మామిడి మొక్కలు కూడా ఇలాగే, రెండు స్పేసుల తర్వాత 10 బైట్లు మిగిలి మూడు కోడ్ పాయింట్లు పోగా ఒక బైటు విరిగింది.

గంగ బొండంలో 60 బైట్ల లోపు మూడు స్పేసులు పడ్డాయి, మిగతా 57 మూడుతో సరిగ్గా భాగించబడుతుంది, అందుకని కోత అక్షరం అంచు మీద పడి "మొక్" దగ్గర ఆగింది. స్పేసులే లేకపోతే 60 కూడా మూడుతో పోతుంది కాబట్టి ఏ గొడవా రాదు. లిస్టు పేజీ టైటిల్ 40 బైట్లే, అసలు కోతే పడలేదు. పాత డెవలపర్ ఒకటి రెండు పేర్లతో టెస్ట్ చేసుకుని ఓకే అనుకుని ఉంటాడు.

మరి విరిగితే చెత్త గుర్తు రావాలి కదా, ఖాళీ ఎందుకు వచ్చింది? హెచ్‌టీఎంఎల్ స్పెషల్ క్యారెక్టర్స్‌కి చెల్లని యూటీఎఫ్-8 ఇస్తే, ఫ్లాగులేమీ చెప్పకపోతే, పాత పీహెచ్‌పీలో మొత్తం ఖాళీ స్ట్రింగ్ ఇచ్చేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. 2021 నవంబర్‌లో వచ్చిన 8.1 నుంచి డిఫాల్ట్ మార్చారు, సబ్‌స్టిట్యూట్ ఫ్లాగ్ తనే కలుపుకుని విరిగిన చోట ప్రశ్నార్థకం ఉన్న డైమండ్ గుర్తు పెడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో 8.2, హోస్టింగ్‌లో 7.4. ల్యాప్‌టాప్ ట్యాబులో తోక అసలు కనబడదు కాబట్టి అక్కడ ఆ డైమండ్ నా కంటపడలేదు. 7.4కి సపోర్ట్ 2022 నవంబర్‌లోనే అయిపోయింది, ఆ హోస్టింగ్ వాళ్ళకి వెర్షన్ మార్చమని టికెట్ పెట్టా.

కోత ఎత్తేశా మొత్తం. అసలు టైటిల్‌ని మనం కొయ్యాల్సిన పని లేదు, గూగుల్ ఎలాగూ స్క్రీన్ మీద పట్టినంత చూపించి చుక్కలు పెడుతుంది, దానికి లెక్క వెడల్పే గానీ అక్షరాల సంఖ్య కాదు. 60 అక్షరాలు అన్న రూలు ఇంగ్లీష్ వాళ్ళ బండ లెక్క. తెలుగుకి అక్షరం అంటే ఏంటో చెప్పడమే కష్టం: "బంగినపల్లి"ని స్ట్రింగ్ లెంగ్త్ 30 అంటుంది, ఎంబీ స్ట్రింగ్ లెంగ్త్ 10 అంటుంది, మనం చదివితే బం, గి, న, ప, ల్లి ఐదే. ఎక్కడైనా తప్పక కొయ్యాల్సి వస్తే స్పేస్ దగ్గర మాత్రమే కొయ్యాలి అని కామెంట్ రాసిపెట్టా. డిస్క్రిప్షన్‌కి అలాగే మార్చా.

శనివారం

తెలుగు అడ్రసులు. కొన్ని పాత లింకులు తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి, బావగారు ఎన్నో రైతు గ్రూపుల్లో పంపేశారు, అవి చచ్చిపోకూడదు. చూడ్డానికి బ్రౌజర్‌లో ముద్దుగా ఉంటాయి గానీ కాపీ చేసి పేస్ట్ చేస్తే ఒక్కో కోడ్ పాయింట్ తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది, మూడు బైట్లు, బైటుకో పర్సెంట్ గుర్తు, రెండు అంకెలు. కొత్తపల్లి-కొబ్బరి అనే ముక్క ఒక్కటే 154 క్యారెక్టర్లు. వాట్సాప్‌లో అది నాలుగైదు లైన్లు పాకుతుంది, చూసినవాడు వైరస్ అనుకుంటాడు. అందుకే కొత్త అడ్రసులు ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉంచుతున్నాం, తెలుగువి వస్తే షీటులో తెలుగు పేరుతో వెతికి 301తో (అడ్రసు శాశ్వతంగా మారిందని చెప్పే జవాబు) కొత్త అడ్రసుకి పంపెయ్యడం.

అన్నీ దొరికాయి, /జామ/తైవాన్-పింక్ తప్ప. కళ్ళకి అడ్రసులోదీ షీటులోదీ అచ్చు ఒకటే. రెండింటినీ హెక్స్‌లో ప్రింట్ చేసి పక్కపక్కన పెడితే "తై" దగ్గర తేడా వచ్చింది. ఐత్వం యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం ప్లస్ కింద వచ్చే ఐ మార్కు అని రెండుగా. ఆ పాత లింకులు ఫోటో ఫోల్డర్ పేర్లలోంచి పుట్టినవి, ఆ ఫోల్డర్లకి పాత మ్యాక్‌లో పేర్లు పెట్టారు, ఆ మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టి దాచుకునేది. అక్క ఫోన్ కీబోర్డ్ ఏమో ఒకే గుర్తు పెడుతుంది. ఇంటల్‌లో నార్మలైజర్ ఉంది, ఎన్ఎఫ్‌సీ ఫామ్‌లోకి (విడిపోయిన గుర్తుల్ని ఒకటిగా కలిపేది) రెండు వైపులా మార్చి పోల్చితే కలిసిపోయింది. తెలుగులో ఇలాంటి గుణింతం ఇదొక్కటే, మిగతావన్నీ ఒకే రకంగా ఉంటాయి కాబట్టి బతికాం.

దాంతోపాటు జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా. "ఈస్ట్‌కోస్ట్ టాల్" అని రాసేటప్పుడు ట్ కింద క వత్తు పడకుండా కనబడని ఒక క్యారెక్టర్ పెడతాం, కొన్ని కీబోర్డులు పెడతాయి కొన్ని పెట్టవు. పోల్చేటప్పుడు దాన్ని తీసేసి పోలుస్తున్నా. చూపించేటప్పుడు మాత్రం తియ్యకూడదు, తీస్తే "ఈస్ట్కోస్ట్" అని ముద్దగా అయిపోతుంది. కీ ఒకటి, కనబడే పేరు ఒకటి, మళ్ళీ అదే మాట.

ఇంకో చిన్నది: లాగ్‌లో రెండు స్లాష్‌లతో మొదలయ్యే అడ్రసులు కనబడ్డాయి, ఎక్కడో లింకు తప్పుగా అతికించినట్టున్నారు. పార్స్ యూఆర్ఎల్‌కి అలాంటిది ఇస్తే మామిడి అన్నది డొమైన్ పేరు అనుకుంటుంది, పాత్‌లో బంగినపల్లి ఒక్కటే మిగులుతుంది. మూడు స్లాష్‌లు ఇస్తే ఫాల్స్. కాబట్టి పార్స్ యూఆర్ఎల్ తీసేసి, ప్రశ్నార్థకం దగ్గర ఎక్స్‌ప్లోడ్ చేసి మొదటి ముక్క తీసుకుంటున్నా, ఖాళీ ముక్కలు ఫిల్టర్ చేస్తున్నా. పేజీ నంబరు మాత్రం క్వెరీలోంచి ఇంటిజర్‌గా మార్చి తీసుకుని, రెండు ఆపైన అయితే "పేజీ 2" అని టైటిల్‌కి కలుపుతున్నా.

ఆదివారం

మా చిన్నాన్న కొడుకు ఫ్రంట్ ఎండ్ చేస్తాడు, ఇదంతా విని "అన్నయ్యా, జావాస్క్రిప్ట్‌లో డాక్యుమెంట్ డాట్ టైటిల్ ఒక్క లైను, ఇంత సర్వర్ గొడవ ఎందుకు" అన్నాడు. ట్యాబులో పేరు మారడానికి అయితే వాడు చెప్పింది నిజమే. గూగుల్ కూడా జావాస్క్రిప్ట్ నడిపి చూస్తుంది. కానీ బావగారి వ్యాపారం నడిచేది వాట్సాప్ మీద, లింకు పేస్ట్ చేసినప్పుడు పంపేవాళ్ళ ఫోనే పేజీ తెచ్చుకుని హెచ్‌టీఎంఎల్‌లో ఏముందో చదువుతుంది, స్క్రిప్టు నడపదు. సర్వర్ పంపిన దాంట్లో "హోమ్" అనుంటే హోమే. లింకు ప్రివ్యూల కోసం ఉండే ఓజీ టైటిల్ ట్యాగ్ కూడా అదే వేరియబుల్‌తో పెట్టేశా, ఇది లేకపోయినా టైటిల్ తీసుకుంటుంది గానీ ఓజీలో "నర్సరీ, కడియం" అన్న తోక వదిలేశా, అక్కడ డొమైన్ ఎలాగూ కనబడుతుంది కదా.

టెస్ట్ చెయ్యడానికి బ్రౌజర్ నమ్మొద్దు, కమాండ్ లైన్‌లో కర్ల్‌తో పేజీ తెచ్చి టైటిల్ లైను గ్రెప్ చెయ్యి (వెతికి తీయి). స్లగ్గులన్నీ షీటులోంచి తీసి లూప్‌లో కొట్టించి, టైటిళ్ళు సార్ట్ చేసి డూప్లికేట్లు చూశా. రెండు జతలు దొరికాయి, రెండూ అక్క ఒకే రకాన్ని కవర్ సైజు వేరైందని రెండుసార్లు రాసినవి.

ఆ తర్వాతి వారం, ముక్కలు ముక్కలుగా

బావగారు మొత్తం చూసి ఒకే ఒక్క కంప్లైంట్ చెప్పారు, అదీ నాకు తట్టనిది. "అన్నిటికీ మొక్కలు మొక్కలు అని రాశావేంటి? మామిడి అంట్లు అనాలి. మొక్కలంటే టెంక పాతి మొలిపించినవి అనుకుంటారు, రేటు తగ్గించమంటారు. బొప్పాయికి నారు అను. కొబ్బరికి మొక్కలే, అది అలాగే ఉంచు." కరెక్టే. టెంక మొక్క కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, పైగా తల్లిచెట్టు కాయే కాస్తుందన్న గ్యారంటీ లేదు, అంటు అయితే రకం మారదు. కొనేవాడికి ఆ ఒక్క మాటలోనే సగం సంగతి తెలిసిపోతుంది. కోడ్‌లో "మొక్కలు" అని నేను గట్టిగా రాసేసిన మాట తీసేసి, పంటల షీటులో ఇంకో కాలమ్ పెట్టి, పంట పక్కన ఏ మాట రావాలో అక్కనే రాయమన్నా. ఇప్పుడు "బంగినపల్లి మామిడి అంట్లు", "రెడ్ లేడీ బొప్పాయి నారు", "గంగ బొండం కొబ్బరి మొక్కలు". జామలో గాలి అంట్లు అని విడిగా రాయాలా వద్దా అని వాళ్ళిద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు, తేలాక చూద్దాం.

గూగుల్‌లో కొన్ని పేజీలకి కొత్త టైటిల్ వచ్చేసింది, కొన్నిటికి ఇంకా హోమ్ అనే చూపిస్తోంది. ఒక పేజీకి మాత్రం మన టైటిల్ కాకుండా లోపలున్న హెడ్డింగ్ తీసి పెట్టుకుంది. 2021 ఆగస్టు నుంచి వాళ్ళు టైటిల్ నచ్చకపోతే పేజీలో వేరే చోటునుంచి తీసుకోవడం ఎక్కువ చేశారు, అప్పట్లో గొడవయ్యాక సెప్టెంబర్‌లో 87 శాతం వరకు టైటిల్ ట్యాగే వాడుతున్నామని చెప్పారు. మన హెడ్డింగ్‌లో ఇంకా పాత స్పెల్లింగ్ ఉంది, అదీ షీటులోంచే వచ్చేలా మారిస్తే ఆ తేడా ఉండదు, ఆ హెడ్డింగ్ ట్యాగ్ హెచ్1లో కూడా అదే వేరియబుల్ పెట్టా. పాత చాట్లలో పంపేసిన ప్రివ్యూలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి, వాటికేం చెయ్యలేం, బెంగళూరు ఆయనకి సువర్ణరేఖ లింకు మళ్ళీ పంపమని బావగారికి చెప్పా.

మిగిలినవి: చివర స్లాష్ ఉన్నదీ లేనిదీ రెండూ తెరుచుకుంటున్నాయి, ఒకదానికి 301 పెట్టాలి, అప్పటిదాకా అసలు అడ్రసు ఏదో గూగుల్‌కి చెప్పే కెనానికల్ ట్యాగ్‌తో సర్దుతున్నా. హోస్టింగ్ వాళ్ళు 8.2 ఇస్తే సబ్‌స్టిట్యూట్ ఫ్లాగ్ నేను చేత్తో రాసింది తియ్యక్కర్లేదు, ఉన్నా నష్టం లేదు. 404 పేజీకి టైటిల్ "ఈ పేజీ లేదు" అని మాత్రమే, అడ్రసులోది ఒక్క ముక్క కూడా రాదు. 404 లాగ్ చూస్తే జనం స్లగ్‌లో బంగినపల్లిని ఎన్ని స్పెల్లింగులతో కొడుతున్నారో తెలుస్తోంది, బంగనపల్లి, బనగానపల్లి, బేనిషా. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా బనగానపల్లె మామిడి అన్న పేరుకే, దాంతో వెతికేవాళ్ళు ఉంటారు. షీటులో "వేరే పేర్లు" అని కాలమ్ పెట్టి అవన్నీ అసలు అడ్రసుకి 301 చేద్దామనుకుంటున్నా. అక్కకి ఇంకా చెప్పలేదు, మళ్ళీ ఇంకో కాలమా అంటుంది.